పచ్చ లైటు

పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా మోగని పెట్టె సరిగ్గా జడ్జీలు రావాల్సిన వేళకు మోగింది.

వెన్నెల ఉలిక్కిపడింది.

రెంటచింతలలో ఒక ఫంక్షన్ హాల్లో బడిపిల్లల డిజిటల్ ప్రాజెక్టుల ప్రదర్శన జరుగుతోంది. ఏప్రిల్ నెల. ఆ ఊరి ఎండ సంగతి ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. లోపల మాత్రం కూలర్లు హాయిగా తిరుగుతున్నాయి.

తొమ్మిదో తరగతి వెన్నెల చేసిన పెట్టె చిన్నదే. ఎదురు కుర్చీలో కూర్చున్న మనిషి నుదుటి వేడిని దూరం నుంచే చూస్తుంది. మామూలుగా ఉంటే పచ్చ లైటు. వడదెబ్బ కొట్టేలా ఉంటే ఎర్ర లైటు, మోత. ఇవాళ గెలిస్తే విజయవాడలో రాష్ట్ర పోటీలకు వెళ్తుంది. వాళ్ళ బడి నుంచి అక్కడిదాకా ఇంతవరకు ఎవరూ వెళ్ళలేదు.

పొద్దుటి నుంచి వంద మంది కూర్చున్నారు. అందరికీ పచ్చే.

ఇప్పుడు కూర్చున్నది ఎవరో అరవై ఏళ్ళ మనిషి. ముందు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని వచ్చాడు. చేతిలో పేపరు ముక్క. అందులో వెన్నెల ఫొటో, ఈ పెట్టె ఎందుకు చేసిందో ఆ కథ.

"పేపర్లో పడింది నువ్వేనా పాపా?"

"అవును తాతా."

"బస్సు దొరకలా. అడ్డరోడ్డు కాడ్నుంచి నడిచొచ్చా. అమ్మ బాగుందా?"

"బాగుంది తాతా."

మోత విని శ్రీమన్నారాయణ మాస్టారు పరుగెత్తుకొచ్చారు. వెన్నెల చేత ప్రాజెక్టు చేయించింది ఆయనే.

"ఏందమ్మా ఆ గోల?"

"ఈ తాతకి నూట ఆరు చూపిస్తంది సార్."

మాస్టారు తాను కూర్చుని చూశారు. పచ్చ. మళ్ళీ పెద్దాయన్ని కూర్చోబెట్టారు. ఎరుపు. మోత.

"అమ్మ బాగుందా పాపా?" అన్నాడాయన మళ్ళీ. మాట ముద్దగా వచ్చింది.

"ఇప్పుడేగా తాతా అడిగావు?"

ఆయన లేవబోయి, తూలి, బల్ల పట్టుకున్నాడు.

"అర్థమైందిలే. పొద్దున్నే మందు కొట్టొచ్చాడు," అన్నారు మాస్టారు చిన్నగా.

"సార్, నిజంగా వడదెబ్బేమో..."

"వడదెబ్బయితే ఒళ్ళంతా చెమటతో తడిసిపోవద్దా? చూడు, ఒక్క చుక్క లేదు. ఎండన పడొచ్చినోడి నుదురు కాలక ఏం చేస్తది? జడ్జీల ముందు ఇట్టా మోగిందంటే మన పని గోవిందా!"

పెద్దవాళ్ళు చెప్తే నమ్మాలని మనం పిల్లలకు అన్నిటికంటే ముందు నేర్పుతాం. వెన్నెల నమ్మింది.

"పెద్దాయనా, కాసేపు బయట కూర్చో. జడ్జీలు పోయాక వద్దువుగాని."

"అట్నేలే బాబూ."

ముందు గుమ్మంలోంచి జడ్జీలు వస్తారని ఆయన్ని వెనక తలుపు తీసి పంపారు. చెప్పులు ముందు గుమ్మం దగ్గరే ఉండిపోయాయి.

మోత ఆగింది. మాస్టారు ఊపిరి పీల్చుకున్నారు.

"గుర్తుందిగా? రెండే నిమిషాలు. నిరుడు అమ్మ మిరప చేలో ఎండకి పడిపోయింది, అందుకే ఇది చేశా. అంతవరకే చెప్పు. ఎవరో భుజాన మోసుకొచ్చి పేరు చెప్పకుండా పోయాడు, తలకిందులుగా వేలాడుతూ అమ్మ ఆయన కాళ్ళే చూసింది, ఎడమ కాలికి నాలుగే వేళ్ళు... ఆ సోదంతా వద్దు."

"సరే సార్."

జడ్జీలు వచ్చారు. వెన్నెల గడగడా చెప్పింది. వాళ్ళలో పెద్దావిడ ప్రిస్కిల్లా మేడం కుర్చీలో కూర్చుంది. పచ్చ. ఆమె ముచ్చటపడింది.

"వడదెబ్బ లక్షణాలు చెప్పు చూద్దాం."

వెనక గోడ మీద వెన్నెల తన చేత్తో రాసిన చార్టే ఉంది. తిరిగి చూడాల్సిన పని లేదు.

"తూలి పడబోవటం మేడం. మాట ముద్దగా రావటం. అడిగిందే మళ్ళీ అడగటం. ఒళ్ళు కాలిపోతున్నా చెమట పట్టక..."

"ఊఁ, చెమట పట్టక?"

వెన్నెల మాస్టారి వంక చూసింది. మాస్టారు చార్టు వంక చూస్తున్నారు.

పెట్టెను లాక్కుని వెన్నెల వెనక తలుపు వైపు పరుగెత్తింది.

ఆయన ఎక్కడికీ పోలేదు. కూర్చోమన్నారు కనుక కూర్చునే ఉన్నాడు, నీడ లేని సిమెంటు గట్టు మీద, ఒట్టి కాళ్ళతో. తల గుండెల మీదికి వాలిపోయి ఉంది.

పెట్టె మోగింది.

"నీళ్ళు! నీళ్ళు తెండి!"

వరండాలోకి మోశారు. ఎవరో నూట ఎనిమిదికి ఫోన్ చేశారు. మాస్టారే బకెట్లు తెచ్చి తెచ్చి తల మీద పోశారు. ఒకటి, రెండు, నాలుగు.

మోత ఆగింది. ఎరుపు పోయి పచ్చ వెలిగింది.

"సార్, పచ్చ! పచ్చ వచ్చింది సార్!" వెన్నెల ఏడుస్తూనే నవ్వింది.

ప్రిస్కిల్లా మేడం ఆయన మణికట్టు పట్టుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత ఆ చేతిని మెల్లగా కింద పెట్టింది.

"పెట్టె నుదుటిని మాత్రమే చూస్తుందమ్మా," అంది.

కూతురి గెలుపు చూద్దామని అప్పుడే బస్సు దిగిన మణెమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"ఏమే, ఏందిది? ఎవరే ఆయన?"

"తెలవదమ్మా. నువ్వు బాగున్నావా అని అడిగాడు. రెండుసార్లు."

మణెమ్మ చూపు ఆయన ముఖం దాకా పోలేదు. ఆ ఒట్టి కాళ్ళ దగ్గరే కూలబడి, నాలుగే వేళ్ళున్న ఎడమ పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని, "నన్ను మోసుకొచ్చింది ఈ కాళ్ళేనే," అంది.