విషం కలపని తొట్టి

విషం కలపని తొట్టిలో చేపలు చచ్చిపోయాయి.

కలిపిన తొట్లలో చావడం వింత కాదు. పత్తిచేలకు కొట్టే మందు ఎంత చేరితే నీటిలో చేప బతకదో తేల్చడమే సింధూజ పరిశోధన. కాని చుక్క మందైనా కలపని తొట్టిలో, పోలిక కోసం ఉంచిన చేపలు వెల్లకిలా తేలాయి.

అవి బతికితేనే తక్కిన ప్రయోగానికి విలువ.

మళ్ళీ ఇలాగే జరిగితే ఇంతవరకు చేసిందంతా పక్కన పెట్టవలసిందేనని గైడ్ భార్గవి మేడం మెత్తగానే చెప్పింది.

కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. అందుకే జనగామ వైపు ఒక కుంట నుంచి నీళ్ళ డబ్బాలు బస్సులో వస్తాయి, తార్నాకలో పరుశురాం టీకొట్టు దగ్గర దిగుతాయి. ఎవరు నింపుతారో సింధూజ ఎన్నడూ అడగలేదు. మొదటినుంచీ అదే నీరు, అద్దంలాంటి నీరు.

మరి లోపమెక్కడ?

తొట్టి కడిగింది. గాలిగొట్టం మార్చింది. డబ్బాలో మిగిలిన నీళ్ళు పోసి కొత్త చేపలను వదిలింది. తెల్లవారేసరికి అవీ తేలాయి.

అప్పుడు గుర్తొచ్చాడు ఆ ముసలాయన.

ఈ డబ్బా నీళ్ళలో మొదటిసారి చేపలను వదలబోతుంటే ల్యాబ్ గుమ్మంలో నిలబడ్డాడు. తలకు ఎర్ర తువ్వాల, మోకాళ్ళదాకా ఎండిన బురద.

"గా నీళ్ళల్ల చేపలు ఎయ్యకు బిడ్డా. సస్తయి."

"రీసెర్చ్ అంటే కొన్ని సస్తయి తాతా. మాకు పర్మిషన్ ఉన్నది."

జంతువులను హింసించవద్దని అట్టలు పట్టుకుని క్యాంపస్‌లో తిరిగేవారిని ఆమె చూసింది. వారిలో ఒకడనుకుంది. "గది కాదు బిడ్డా" అని ఆయన మళ్ళీ మొదలుపెట్టేలోగా తలుపు వేసేసింది. కిటికీ దగ్గరకు వచ్చాడు. తొట్టి వైపే చూశాడు. సెక్యూరిటీని పిలిచి పంపించేసింది.

ఆయనే ఏదైనా కలిపాడా? చేపల మీద అంత జాలి ఉన్నవాడు చేపలను చంపుతాడా? ఎటు లాగినా ముడి విడలేదు.

కొత్త నీళ్ళ కోసం తార్నాక వెళ్ళింది. డబ్బా రాలేదు.

"ఇగ రాదమ్మా" అన్నాడు పరుశురాం, గ్లాసులు కడుగుతూ. "రాజలింగు నీకు చెప్పలేదా? నేనే గదా మీ ల్యాబ్‌కు తొవ్వ చూపెట్టిన."

"రాజలింగు ఎవరు?"

"ఎర్ర తువ్వాల ముసలాయన."

"ఏమైంది?" అంది సింధూజ.

పరుశురాం చెప్పుకుపోయాడు. పై చేలలో పత్తికి మందు కొట్టారు. వెంటనే వాన పడింది. వరద కుంటలోకి దిగింది. రాజలింగు పెంచుకున్న చేపలన్నీ ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. అప్పటికే ఆ నీళ్ళతోనే ఆఖరి డబ్బా బస్సెక్కింది.

"నా చేపలెట్లనో పోయినయి, గా పిల్ల చదువన్న దక్కాలె అనుకుంట ఎనక బస్సుకే ఉరికొచ్చిండమ్మా, ఇన్నొద్దులు నీకు నీళ్ళు నింపి పంపినాయన."