వంచిన లైను

“ఫికర్ జెయ్యకు పెద్దమ్మా! నీ ఇల్లు పోదు. రైలు లైను జర పక్కకు వంచినం,” అన్నాడు సర్వేయర్ జనార్దన్, ప్లాన్ కాగితం విప్పుతూ.

కాజీపేట నుంచి హన్మకొండ మీదుగా వరంగల్‌కు కొత్త లోకల్ రైలు లైను వేస్తారట. గల్లీ చివర ఒంటరిగా ఉండే మహబూబీ ఇంటి కోసం అతను ఆఫీసులో నెల రోజులు కొట్లాడాడు.

ఆమె గల్లీలోకి తొంగి చూసింది. తన గోడ తప్ప అన్ని గోడల మీదా ఎర్ర రంగుతో నంబర్లున్నాయి.

“మరి వీళ్లంత ఏడికి పోతరు?”

“ఎనుమాముల దిక్కు జాగలిస్తరు. అందరికి పక్కపక్కనే.”

“చాయ్ సల్లారుతాంది, జల్ది రా మహబూబక్కా!” పక్కింటి వరలక్ష్మి గోడ మీదుగా కేకేసింది.

మహబూబీ ప్లాన్ కాగితాన్ని మడిచి అతని చేతిలో పెట్టింది.

“నా కోసం వంచినవు గద బిడ్డా! మళ్ల సక్కగ జెయ్యి.”