ప్లంబరు ఇంటి కుళాయి

"నా పెళ్లాన్ని చంపిందెవరో చెప్పండి. ఆ మొహం ఒక్కసారి చూసి పోతాను," అన్నాడు ప్లంబరు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

బల్లకి అటువైపు పెద్ద డాక్టరమ్మ, పక్కన నర్సమ్మ. ఇటువైపు ప్లంబరు అత్తగారు. ఆమె ఒళ్లో తల్లి మొహం చూడని పసిగుడ్డు.

"ఇది కోర్టు కాదు బాబూ. కాన్పులో తల్లి పోతే, ఎక్కడ ఆలస్యమైందో అందరం కూర్చుని వెతుక్కుంటాం. ఇంకో తల్లి అలా పోకూడదని," అంది డాక్టరమ్మ.

"ఇల్లు కాలాక బావి తవ్వుతున్నారన్నమాట!"

"తవ్వాలయ్యా. పక్కిల్లైనా మిగలాలిగా."

మూలనున్న సింకులో కుళాయి టప్పు టప్పుమంటోంది. ఏడుస్తున్నా వాడి చెవి అటే పోయింది. వాషరు అరిగింది, అంతే. రెండు నిమిషాల పని.

"కారే కుళాయిని పట్టించుకోరు గానీ, పోయే ప్రాణాన్ని మీరేం ఆపుతారు?" అన్నాడు కసిగా.

"ఇక్కడికి తెచ్చేసరికే ఆవిడ ఒళ్లు కాలిపోతోందయ్యా. మాట కూడా లేదు," అంది నర్సమ్మ.

"నెట్టండి, నెట్టండి. నెపం మా నెత్తిన నెట్టేయండి!"

అత్తగారు అడ్డుపడింది. "మా అల్లుణ్ణి ఏమీ అనకండమ్మా. దాన్ని కాలు కింద పెట్టనిచ్చేవాడు కాదు. కడుపుతో ఉందని బిందె కూడా ఎత్తనివ్వలేదు."

"ఏం లాభం అత్తయ్యా..." అన్నాడు ప్లంబరు. "ఇక్కడికి తెచ్చే ముందురోజు పొద్దున ఫోన్ చేసింది. నేనేమో పనిలో ఉన్నా. పెద్ద మేడ, పైపు పగిలి మెట్ల మీంచి వరద. 'నీళ్లు పోతున్నాయండీ, ఆగట్లేదు' అంది. 'ఊళ్లోవాళ్లవి చాలవని నీదొకటా! గుడ్డ అడ్డంపెట్టి పడుకో, పనయ్యాక వచ్చి చూస్తా' అని కసిరా. పాపం, 'సరే' అంది. నా మాటంటే దానికి వేదం. అదే ఆఖరి మాట. ఆ పని తెల్లారేదాకా తెమల్లేదు. నేనెళ్లేసరికి జ్వరంతో మూలుగుతోంది. ఊరందరి కుళాయిలూ బాగుచేస్తా, నా ఇంటి కుళాయికి మాత్రం తీరిక లేకపోయింది."

డాక్టరమ్మ మెల్లగా నోరు విప్పింది.

"నెలలు నిండకుండానే ఉమ్మనీరు పోయింది బాబూ. ఆ తర్వాత ఒక పగలూ ఒక రాత్రీ ఇంట్లోనే ఉండిపోయింది. దాంతో విషం ఒళ్లంతా పాకింది. వెంటనే వచ్చుంటే బతికేదేమో. మరి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరికి చెబుతుంది? ఇంట్లో ఒక్కతే ఉంది. నాకొక్క మాట చెప్పుంటే పైపు అక్కడే పారేసి, భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చేవాణ్ణి కదా!" బల్ల మీద గుద్దాడు. పసిగుడ్డు ఉలిక్కిపడి కేరుమంది.

అత్తగారు బిడ్డను జోకొట్టలేదు. అల్లుడి మొహంలోకే చూస్తోంది.

"ఇంతకీ ఆ రోజు ఇంట్లో ఏ కుళాయి కారింది నాయనా?"

పెళ్లాం పోయాక, చేసిన పాపం కడుక్కుందామని, వాడు స్పానరు పట్టుకుని ఇల్లంతా వెతికాడు. వంటింట్లో చూశాడు, పెరట్లో చూశాడు, స్నానాల గదిలో చూశాడు.

"ఏదీ కారలేదత్తయ్యా..."