పన్నెండు సీసాల నీళ్లు

ఊళ్లో దిగిన మొదటి రోజే మెట్ల మీద జారిపడి రాగ్న కాలి చీలమండ వాచిపోయింది.

ఈనోక్‌కు అది కూడా నాటకంలాగే కనిపించింది.

ఎక్కడో నార్వే నుంచి వచ్చిన మనిషి. గ్రీన్‌లాండ్ మాటలు వచ్చీరాని మనిషి. వెంట తెచ్చుకున్నది ఒకటే పెట్టె, దాని నిండా ఖాళీ సీసాలు. నీళ్ల కోసం సముద్రాలు దాటి వస్తారా ఎవరైనా?

నల్లముక్కు కొండ కింద, సముద్రపు పాయ నీళ్లలో ఎంత గ్యాస్ కరిగి ఉందో కొలవాలట. హిమానీనదం అడుగు నుంచి వస్తుందట అది. ఎవరు పంపారని అడిగితే మాత్రం చెప్పనని మాటిచ్చానంది.

అనుమానానికి అంతకంటే ఏం కావాలి?

పక్క పాయలో ఇలాగే ఎవరో నీళ్లు పట్టుకెళ్లారనీ, మరుసటేడు డ్రిల్లింగ్ ఓడలు దిగాయనీ, హాలిబట్ చేపలు మాయమయ్యాయనీ చేపల షెడ్డు దగ్గర చెప్పుకున్నారు. చెప్పినవాళ్లెవరూ ఆ ఓడల్ని చూడలేదు. అయినా ఈనోక్ నమ్మాడు. అతని నలుగురు పిల్లలూ, పదమూడు కుక్కలూ బతికేది ఆ చేపల మీదే.

పైగా నల్లముక్కు వైపు వెళ్లడమే అతను మానుకున్నాడు. నిరుడు అన్న పావియా కుక్కల బండి మంచు విరిగి మునిగిపోయింది అక్కడే. అన్నతోపాటు బండి మీద ఉన్న అతని అల్లుడి తమ్ముడూ పోయాడు. మూరెడు మందం మంచు ఊరికే విరగదు, తాగి తోలి ఉంటాడని ఊరు తేల్చేసింది.

"నేను నడవలేను. మీరే పట్టి తేవాలి" అంది రాగ్న మంచం మీంచే.

"ఊళ్లో నేనే దొరికానా?"

"మిమ్మల్ని నమ్మొచ్చని చెప్పారు."

సీసా ఎలా ముంచాలో, నిండాక నీళ్లలోనే మూత ఎలా బిగించాలో చూపించింది. గాలి బుడగ ఒక్కటి మిగిలినా ఆ నీళ్లు దండగట.

మర్నాడు ఈనోక్ అందరూ చూస్తుండగానే నల్లముక్కు వైపు కుక్కల్ని తోలాడు. ఊరు కనుమరుగవగానే ఆపేశాడు. అది సగం దారి కూడా కాదు. తాను రోజూ గాలం వేసే మంచు రంధ్రంలోనే పన్నెండు సీసాలూ ముంచాడు, బుడగ లేకుండా, శ్రద్ధగా. ఎండుచేప నములుతూ సాయంత్రం దాకా అక్కడే కూర్చుని తిరిగొచ్చాడు.

రాగ్న ఒక్కో సీసానూ వెలుతురుకు ఎత్తి చూసింది. ఇంత బాగా పట్టినవాళ్లను చూడలేదంటూ అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

ఈనోక్‌కు కాస్త సిగ్గేసింది. ఏదైతేనేం, చేపలు దక్కాయి అనుకుని సర్దుకున్నాడు.

జూన్‌లో, పాయ మీద మంచు కరిగాక, అన్న కూతురి కొడుకుకు బాప్తిస్మం.

పిల్లాడికి పావియా పేరే పెడతారని ఈనోక్ ఆశపడ్డాడు. పోయినవాడి పేరు పుట్టినవాడికి పెడితేనే కదా మనిషి ఇంటికి తిరిగొచ్చేది. పేరు దొరకనివాడు చలిలో తిరుగుతూనే ఉంటాడు. ఈ పసివాణ్ని 'అన్నా' అని పిలుచుకోవాలని అతనికి ఎంతో కోరికగా ఉంది.

పాస్టర్ 'టోబియాస్' అంటూ పిల్లాడి తల మీద నీళ్లు పోశాడు.

కాఫీ విందులో ఈనోక్ వదిన బెనిగ్నాను పక్కకు పిలిచాడు.

"అన్న పేరెందుకు పెట్టలేదు వదినా?"

"అల్లుడి వాళ్లు పడనివ్వలేదు నాయనా. తమ పిల్లాణ్ని పొట్టన పెట్టుకున్నవాడి పేరు వద్దన్నారు. తప్పు మంచుదేనని రుజువు చూపిస్తే ఒప్పుకుంటామన్నారు."

"మంచుకు రుజువేమిటి?"

"కింది నుంచి గ్యాస్ తన్నుకొస్తుంటే మంచు పైకి గట్టిగానే కనిపిస్తుందట, అడుగున పలచబడిపోతుందట. నల్లముక్కు నీళ్లలో అలాంటిదేమీ లేదని మొన్న కాగితం వచ్చింది. ఇక నేనేం మాట్లాడను?"

ఈనోక్ కప్పు కింద పెట్టేశాడు.

"ఆ కాగితం నీకెందుకొచ్చింది?"

బెనిగ్నా కళ్లు తుడుచుకుంది.

"రాగ్నను బతిమాలి రప్పించింది నేనే. అల్లుడి వాళ్ల చెవిన పడుతుందని నా పేరు ఎవరికీ చెప్పొద్దన్నాను. మీ అన్న తప్పు లేదని నమ్మి వచ్చింది, ఈనోక్, ఈ లోకంలో ఆవిడొక్కతే."