ముఖం మీదే, చేయి మీది కాదు

"నానమ్మా, నువ్వు జర నోరు తెరవకు!"

హుస్సేనీ ఆలంలో చెల్లెలింట్లో రాత్రి ఉండిపోయి, పొద్దున్నే గౌలిపురలో ఆటో దిగి ఇంట్లో అడుగు పెట్టానో లేదో, మనవరాలు స్రవ్య నాకు పలికిన స్వాగతం ఇది. నోరు తెరవకుండా ఉండటం నాకు చేతనయ్యే పనేనా? మా గల్లీలో పాలవాడు నన్ను చూస్తే బండి దిగడు. దిగితే పాలు విరిగేదాకా వదలనని వాడి భయం.

"ఏందే, ఏమైంది?" అన్నాను.

"లోపలికి పోనిస్తలేదు నానమ్మా."

"ఎవరు?"

"కంప్యూటర్."

స్రవ్య ఇంట్లోనే కూర్చుని పొద్దున ఆరింటి నుంచి ఒక కంపెనీకి పనిచేస్తుంది. ఏ ఆసుపత్రిలో ఎవరికి ఏ రోగం, ఏ మందు, ఆ వివరాలన్నీ వాళ్ల దగ్గర ఉంటాయి. బయటికి పొక్కకూడని సంగతులు. అవి నా చెవిన పడితే యాకుత్‌పురా స్టేషన్ దాకా ఒక్క పూటలో పాకిపోతాయి. నాలాంటి వాళ్లను తలుచుకునే కాబోలు, కంపెనీ వాళ్లు ఒక గట్టి తాళం పెట్టుకున్నారు.

ఆ తాళం తీరు స్రవ్య ఎప్పుడో చెప్పింది. తెలిసిన మనిషి, తెలిసిన వేళకు, తెలిసిన తీరులో వచ్చి పాస్‌వర్డ్ కొడితే కిక్కురుమనదు. ఏ కాస్త తేడా కనిపించినా ఇంకో రుజువు అడుగుతుంది. అప్పటికీ అనుమానం తీరకపోతే ఇంకోటి. నేనూ అంతే. రోజూ వచ్చేవాళ్లకు ఊరికే తలుపు తీస్తాను. కొత్తవాడొస్తే వాడి తాత పేరు దాకా లాగుతాను. కాకపోతే నా విచారణ ముగిసేసరికి పాపం వాడు వచ్చిన పని మర్చిపోతాడు.

ఆ పొద్దున తాళం మొదట స్రవ్య ఫోన్‌కు ఒక నంబరు పంపింది. స్రవ్య ఆ నంబరు కొట్టింది. ముఖం చూపించమంది. చూపించింది. అయినా రోగుల ఫైలు తెరుచుకోలేదు. ఎనిమిదింటికల్లా అది ఆసుపత్రికి చేరాలి. ఈ నెలలోనే పిల్ల ఉద్యోగం పర్మనెంట్ కావాలి. ఇలాంటప్పుడు ఫైలు ఆగితే, ఉన్న ఉద్యోగం కూడా ఊడుతుంది.

అంతలో స్రవ్య ఫోన్‌కు వీడియో కాల్ వచ్చింది. కంపెనీలో ఈ తాళాల సంగతి చూసే వెంకటనారాయణ అట.

"మేడమ్, ఫోన్ మీదే. ముఖం మీదే. చేయి మాత్రం మీది కాదు."

"అంటే ఏంది సార్?" అంది స్రవ్య.

"పాస్‌వర్డ్ మీరు ఎలా కొడతారో, ఏ అక్షరం దగ్గర ఎంతసేపు ఆగుతారో ఏడాదిగా మా సిస్టమ్ చూస్తోంది. ఇవాళ కొట్టింది ఆ మనిషి కాదంటోంది. రోజూ ఆరింటికే వచ్చేవారు, ఇవాళ ఏడు దాటాక వచ్చారు. ఇంట్లో బయటివాళ్లు ఎవరైనా ఉన్నారా?"

బయటివాళ్లా! రాత్రి నేను ఇంట్లో లేను. ఏ దొంగ దూరాడో ఏమో. మూలనున్న కర్ర తీసుకుని మంచం కింద పొడిచాను. ఒక పాత చెప్పు బయటికొచ్చింది. నేను కాపురానికొచ్చిన కొత్తలో పక్కింటి వైకుంఠం కొట్టంలో దొంగ గడ్డి కప్పుకుని పడుకున్నాడు. అది గుర్తొచ్చి బియ్యం డబ్బా మూత కూడా తీసి చూశాను. అందులో పిల్లి కూడా పట్టదు. నా తెలివి అంత! నిజంగా దొంగ ఎదురై ఉంటే, కింద పడ్డ నన్ను లేపి మంచినీళ్లు ఇవ్వాల్సింది వాడే.

ఫోన్‌లో ఆయన గొంతు తగ్గించాడు.

"మేడమ్, కంగారుపడకండి. మీ వెనకాల కర్ర పట్టుకుని తిరుగుతున్నది ఎవరు?"

"మా నానమ్మ సార్."

"మిమ్మల్ని బెదిరిస్తోందా? నోటితో చెప్పకండి. అవునైతే ఒక్కసారి దగ్గండి."

సరిగ్గా అప్పుడే నాకు దగ్గొచ్చింది.

"నేనేం బెదిరిస్తలేను సారూ! దొంగను దేవులాడుతున్న. నువ్వేం ఫికర్ చేయకు, దొరికితే నీకే అప్పజెప్త. అవునుగానీ, మీది ఏ ఊరు?"

"నల్ల..." అని, చెప్పబోయిన మాట మింగాడు ఆయన.

"దండం పెడత నానమ్మా!" స్రవ్యకు ఏడుపొక్కటే తక్కువ. "దొంగ లేడు, గింగ లేడు. జర ఊకో!"

వెంకటనారాయణ మళ్లీ కొట్టి చూడమన్నాడు, తొందరపడకుండా. స్రవ్య ఈసారి ఒక్కో అక్షరం దగ్గరా ఆగి ఆగి కొట్టింది.

"అనుమానం ఇంకా పెరిగింది మేడమ్. మీరెవరినో అనుకరిస్తున్నట్టు చూపిస్తోంది. ఇదే ఆఖరిసారి. ఇప్పుడూ కుదరకపోతే మీ లాగిన్ మూసేసి, పైవాళ్లకు చెప్పక తప్పదు. రోజూ ఎలా కొడతారో అలాగే కొట్టండి, అంతే."

స్రవ్య తల తిప్పి నా వైపు చూసింది. నేను కర్ర గోడకు ఆనించాను. ఇంట్లో నా నోరు మూతపడ్డ ఘడియ బహుశా అదొక్కటే.

"సార్, చేతులు గూడ కనబడాల్నా?" అడిగింది స్రవ్య.

"అక్కర్లేదు మేడమ్. ముఖం కనబడితే చాలు."

స్రవ్య ఫోన్‌ను ముఖానికి దగ్గరగా పట్టుకుని కుర్చీలోంచి పక్కకు జరిగింది.

నేను కూర్చుని, కళ్లద్దాలు సర్దుకుని, రోజూ పొద్దున ఆరింటికి పిల్ల నిద్ర చెడకూడదని కొట్టినట్టే, ఒక్క వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, రోజూ తప్పే చోటే తప్పి, చెరిపి, మళ్లీ కొట్టేసరికి, తాళం ఒక్క ప్రశ్నయినా అడగకుండా తెరుచుకుంది.