చెవిలో చెప్పే కళ్ళజోడు

"అయిపోయిందమ్మా! మీ అత్తయ్య నన్ను తీసుకెళ్ళి మా నాన్న సీట్లో కూర్చోబెట్టేసింది!" అంటూ మామగారు వంటింట్లోకి దూసుకొచ్చారు.

కోడలి చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "ఏమైంది మామయ్యగారూ?"

"గదిలోకి వెళ్ళి, ఏమే, నేనెవరో చెప్పు చూద్దాం అన్నాను. అంతే. దిగ్గున మంచం మీంచి లేచి నిలబడింది. 'కూర్చోండి మామయ్యగారూ, మంచినీళ్ళు తెమ్మంటారా' అంటోంది. రిటైరైనవాడికి ప్రమోషనంటే ఇదే కాబోలు!"

నవ్వించాలనే అన్నారు గానీ, గొంతు వణికింది. బతుకంతా బస్సు నడిపిన మనిషి. మామూలుగా మాట్లాడినా హారన్ కొట్టినట్టే ఉంటుంది. అలాంటి గొంతు వణికేసరికి కోడలు స్టవ్ ఆపేసింది.

అత్తగారికి మతిమరుపు ముదిరి, ఇంట్లోవాళ్ళ ముఖాలే తెలియకుండా పోతున్నాయి. కోడలు కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తుంది. మొన్ననే ఆవిడ కోసం కొత్తరకం జోడు ఒకటి తెచ్చింది. ఫ్రేము మూల కనీ కనపడని కెమెరా, చెవి దగ్గర శనగగింజంత స్పీకరు. ఎదురుగా మనిషి నిలబడితే చాలు, ఆ ముఖం ఎవరిదో పోల్చుకుని, మనం ముందే ఫోనులో రికార్డు చేసి పెట్టిన మాటని చెవిలో మెల్లగా చెప్తుంది.

"ఈ జోడు రాకముందే నయం తల్లీ. 'ఎవరండీ మీరు' అనేది. సరేలే, మళ్ళీ పెళ్ళిచూపులనుకుని కూర్చుని పరిచయం చేసుకునేవాణ్ణి. ఇప్పుడు ఎదురుగా కూర్చోవడం కూడా మానేసింది. తలుపు చాటు నుంచి మాట్లాడుతోంది! పోయేలోగా ఒక్కసారి నేను దాని మొగుణ్ణని గుర్తుపడితే చాలమ్మా నాకు."

"అలా అనకండి. జోడు పాడైందేమో, చూస్తానుండండి."

కోడలు గదిలోకి వెళ్ళింది. అత్తగారు కిటికీ పక్కన కూర్చుని ఉతికిన బట్టలు మడతలు పెడుతోంది. "తుడిచి ఇస్తానత్తయ్యా" అని జోడు తీసుకొచ్చి, తనే పెట్టుకుని, మామగారి వైపు చూసింది.

"బాగానే పని చేస్తోందే! మామయ్యగారు అని స్పష్టంగా చెప్తోంది."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కోడలు ఠక్కున నెత్తి కొట్టుకుంది.

"అయ్యో నా మతి మండా! ఫోటోలన్నీ పెట్టి మాటలు రికార్డు చేసింది నేనే కదండీ. మీ ఫోటో రాగానే అలవాటు కొద్దీ మామయ్యగారు అనేశాను. నాకు మామయ్యగారైతే అత్తయ్యక్కూడా మామయ్యగారేనా!"

"అదా సంగతి! అయితే దాని బుర్ర సంగతి కాదన్నమాట!" మామగారి ముఖం వెలిగిపోయింది. అంతలోనే కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మామయ్యగారూ... మీ అబ్బాయి ఫోటోకి 'మా ఆయన' అని చెప్పానండీ!"

"ఓరి నాయనో! వాడు క్యాంపు నుంచి వచ్చేలోగా మార్చెయ్ తల్లీ. లేకపోతే ఈ ఇంట్లో నా ఉద్యోగం పూర్తిగా ఊడుతుంది!"

ముందు కొడుకుది మార్చింది. తర్వాత ఫోను మామగారి నోటి దగ్గర పెట్టింది. "ఈసారి మీరే చెప్పండి."

ఆయన గొంతు సవరించుకున్నారు. "నేను! మీ ఆయన్ని!"

"మామయ్యగారూ, అది చెవిలోనే ఉంటుందండీ. వెనక సీటువాళ్ళకి వినపడేలా అరవకండి."

ఆయన గోడ వైపు తిరిగారు. కోడలి ముందు సిగ్గేసింది పాపం. ఫోను దగ్గరగా పట్టుకుని, ఆ గొంతు ఆయనదేనా అన్నంత మెత్తగా చెప్పారు. "నేనేనే. మీ ఆయన్ని."

జోడు మళ్ళీ అత్తగారి కళ్ళకి చేరింది. మామగారు డ్యూటీకి బయల్దేరే రోజుల్లోలాగా ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, చొక్కా గుండీలు సరిచూసుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఈసారి ఏమీ అడగలేదు. అడిగే ధైర్యం లేదు.

ఆవిడ తలెత్తి చూసింది. చెవిలో జోడు చెప్పింది కాబోలు, మడత పెడుతున్న తువ్వాలు చేతిలోంచి జారింది. లేచి నిలబడలేదు. తలుపు చాటుకి పోలేదు. చెయ్యి చాపి ఆయన మణికట్టు పట్టుకుని, పక్కన కూర్చోబెట్టుకుంది.

"వచ్చారా! ఎక్కడికి పోయారండీ ఇన్నాళ్ళూ?"

"ఎక్కడికీ పోలేదే. ఇక్కడే ఉన్నాను." మామగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గుమ్మం బయట కోడలు చున్నీతో ముక్కు తుడుచుకుంది.

"ఏం ఉన్నారు! ఒక్కదాన్నే వేగలేక చస్తున్నాను. చిక్కిపోయారేమిటి? తిన్నారా అసలు?"

"తిన్నానే."

ఆవిడ ఆయన చొక్కా కాలరు సర్ది, అటూ ఇటూ చూసి, ఆయన చెవి దగ్గరకి వంగింది.

"గట్టిగా మాట్లాడకండి, మీ నాన్నగారు వింటారు. పాపం, ఆయనకి మతిమరుపు బాగా ముదిరిందండీ. పొద్దస్తమానం నా దగ్గరికొచ్చి 'నేనెవరో చెప్పు, నేనెవరో చెప్పు' అని ఒకటే అడుగుతున్నారు. ఎలాగోలా ఆయనక్కూడా ఇలాంటి కళ్ళజోడొకటి కొనిపెట్టండి!"