గిన్నెలో మిగిలే అన్నం

చెల్లీ,

ఫోనులో చెబుదామంటే మీ బావగారు పక్కనే ఉంటారు. అందుకే ఇన్నాళ్లకు కలం పట్టాను.

ఫ్యాక్టరీ మూతపడి రెండేళ్లవుతోంది. వెళ్లిన ప్రతిచోటా ఆయన వయసు అడిగి పంపేస్తున్నారు. ఇద్దరం అలసిపోయాం. అయినా దేవుడు నన్ను పస్తు పడుకోనివ్వడం లేదని నీతో గొప్పగా చెప్పాను, గుర్తుందా? ఉన్న అన్నమంతా ఆయన కంచంలో పెట్టి, నేను ప్రార్థనకు గదిలోకి వెళతాను. వచ్చి చూస్తే గిన్నెలో నాకు సరిపడా ఉంటుంది.

ఆయన నవ్వేవారు. "నీ దేవుడికి నా ఉద్యోగం గుర్తుండదు గానీ, నీ గిన్నె మాత్రం భలే గుర్తుంటుందే!"

నిన్న మోకాళ్లు నొప్పెట్టి ప్రార్థన మధ్యలోనే లేచాను. వంటింట్లో ఆయన, అన్నం ముట్టుకోకముందే, గరిటె చప్పుడు కాకుండా కంచంలోంచి గిన్నెలోకి తీస్తున్నారు. లేత్ మిషన్ మీద వెంట్రుకవాసి తేడా రానివ్వని ఆ చేతులు పెద్ద వాటా నాకే వేశాయి.

తర్వాత, ఎన్నడూ దండం పెట్టని మనిషి, కళ్లు మూసుకుని గొణిగారు.

"దేవుడా, ఉన్నావో లేవో గానీ, ఇది దానికి తెలియనివ్వకు. నీ మీద నమ్మకంతోనే అది నిలబడుంది."

నేను వెనక్కి వెళ్లి మళ్లీ మోకరించాను. కాసేపటికి వచ్చి గిన్నె మూత తీసి, "చూశారా, ఈరోజూ పెట్టాడు" అన్నాను. ఆయన ఎదుటే కూర్చుని అంతా తిన్నాను.

ఆయన చేసిన ఒకే ఒక్క ప్రార్థన, చెల్లీ. అది నెరవేరాలి. ఈ కాగితం దాచిపెట్టు, మీ బావగారికి చూపించకు.